పాత సామానుతో కట్టిన బుల్లి బొలెరో: బండరాళ్ల మీద పరీక్ష

ప్రేక్షకులందరికీ నమస్కారం. నా అరచేతిలో మీకు కనిపిస్తున్న ఈ రిమోట్ బండి ఏ కంపెనీ పెట్టెలోనూ వచ్చినది కాదు. దీని ఇరుసులు జాతరలో కొన్న ఒక బొమ్మ జీపువి, ఛాసిస్ కిటికీలు చేసే దుకాణంలో మిగిలిపోయిన అల్యూమినియం యాంగిల్ ముక్కలది, సస్పెన్షన్ కడ్డీలు సైకిల్ స్పోకులవి, స్ప్రింగులు ఇంకు అయిపోయిన బాల్‌పెన్నులవి. హన్మకొండలోని మా ఇంట్లో సాయంత్రాలు కూర్చుని కట్టిన ఈ బండిని, డబ్బు పెట్టి కొన్న బండిని ఎంత నిక్కచ్చిగా పరీక్షిస్తామో అంతే నిక్కచ్చిగా ఈ రోజు పరీక్షించబోతున్నాను. నేనే కట్టుకున్నాను కదా అని దీన్ని వెనకేసుకురాను.

ముందుగా కొలతలు చూద్దాం. మన ఊళ్లలో అందరికీ తెలిసిన బొలెరోను నమూనాగా తీసుకున్నాను. అసలు బొలెరోలో ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య దూరం 2680 మిల్లీమీటర్లు. ఈ బండి స్కేలు 1/24, అంటే అసలు దానిలో 24వ వంతు; ఆ దూరాన్ని 24తో భాగిస్తే దాదాపు 112 మిల్లీమీటర్లు వస్తుంది, ఈ బండిలోనూ అంతే ఉంచాను. చక్రాల విషయంలో మాత్రం రాజీ పడ్డాను. అసలు బండి టైరును అదే లెక్కన కుదిస్తే 29 మిల్లీమీటర్లే ఉండాలి, కానీ అంత చిన్న చక్రం చెలకలోని మట్టిపెళ్లను కూడా దాటలేదు కాబట్టి బొమ్మతో వచ్చిన 52 మిల్లీమీటర్ల చక్రాలనే ఉంచేశాను. బొలెరోకు లారీ టైర్లు తొడిగినట్టుందని మా తమ్ముడు నవ్వాడు. అతని మాట కాదనలేను.

ఈ బండిలో నాకు ఎక్కువ పాఠం నేర్పినవి ఇరుసులే. బొమ్మ జీపులో ఇరుసుకొక మోటారు ఉంది, దానివల్ల మధ్యలో గేర్‌బాక్సు, ప్రొపెల్లర్ షాఫ్టు అవసరం లేకుండా పోయాయి, బరువు కూడా నేలకు దగ్గరగా నిలిచింది. అయితే ఇరుసు లోపల డిఫరెన్షియల్ ఉంది, అంటే రెండు చక్రాలూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే పళ్ల అమరిక. రోడ్డు మీద మలుపు తిరిగేటప్పుడు డిఫరెన్షియల్ మేలు చేస్తుంది గానీ, రాళ్ల మీద ఒక చక్రం గాలిలోకి లేచిందంటే ఆ చక్రమే గిరగిరా తిరుగుతూ, నేలను పట్టుకున్న చక్రానికి బలం అందకుండా చేస్తుంది. అందుకని డిఫరెన్షియల్ పళ్ల మధ్య ఎం-సీల్ (ఆరాక గట్టిపడే అతుకు ముద్ద) కూరి, రెండు చక్రాలూ ఎప్పుడూ కలిసే తిరిగేలా బిగించాను. మొదటిసారి గ్రీజు కడగకుండానే కూరాను, అది రెండో రోజుకే ఊడి వచ్చింది. రెండోసారి పళ్లను పెట్రోలుతో కడిగి, ఆరబెట్టి కూరితే ఈ రోజు వరకు కదలలేదు. ఇలా బిగించినందుకు బండి మలుపు తీసుకోవడానికి ఎక్కువ చోటు అడుగుతుంది, ఆ నష్టానికి ముందే సిద్ధపడాలి.

ఇంతకన్నా పెద్ద పొరపాటు తీగలు కలపడంలో చేశాను. ఈ మోటార్లు బొమ్మలో 4.5 వోల్టులతో నడిచేవి, నా బ్యాటరీ 7.4 వోల్టులది. రెండు మోటార్లనూ పెళ్లి పందిట్లో కట్టే సీరియల్ బల్బుల్లా ఒకదాని వెనక ఒకటి కలిపితే వోల్టేజీని పంచుకుంటాయి కదా అనుకున్నాను. చదునైన నేల మీద బాగానే నడిచింది. రాయి ఎక్కుతూ ముందు చక్రాలు గాలిలోకి లేచేసరికి ముందు మోటారు వేగంగా తిరుగుతూ వోల్టేజీలో ఎక్కువ భాగాన్ని తానే తీసుకుంది, కరెంటు పడిపోయింది, వెనక మోటారు చతికిలబడింది. ఇరుసులో ఎం-సీల్ పెట్టి తీసేసిన డిఫరెన్షియల్‌ను నేనే మళ్లీ తీగల రూపంలో లోపలికి తెచ్చానన్న మాట! ఇప్పుడు రెండింటినీ ప్యారలల్‌గా, అంటే దేనికది నేరుగా బ్యాటరీ వోల్టేజీ అందేలా కలిపి, ట్రాన్స్‌మిటర్‌లో (చేతిలోని రిమోటులో) థ్రాటిల్ ఎండ్ పాయింటును, అంటే మోటార్లకు అందే గరిష్ఠ బలాన్ని, 65 శాతానికి తగ్గించాను. వేగం తగ్గినా ప్రతి మోటారూ తనకు కావలసిన కరెంటును తాను తీసుకుంటోంది.

ఇక పాత సామానులో వాడకూడనివి ఏమిటో చెప్పాలి. బొమ్మతో వచ్చిన రిమోటుకు కుడి, ఎడమ, ముందు, వెనక తప్ప మరేమీ తెలియదు. కొంచెం తిప్పడం, నెమ్మదిగా కదలడం దానికి చేతకాదు. కాబట్టి 2.4 గిగాహెర్ట్జ్ ట్రాన్స్‌మిటర్, బండిలో దాని సంకేతాలు అందుకునే రిసీవర్, మోటార్ల వేగాన్ని అదుపు చేసే స్పీడ్ కంట్రోలర్, స్టీరింగు తిప్పే చిన్న మోటారు అయిన సర్వో కొత్తవే కొన్నాను. మొత్తం ఖర్చులో సగానికి పైగా వీటికే అయింది. మొదట 9 గ్రాముల ఎస్‌జీ90 సర్వో వేశాను. చక్రం రాతి సందులో ఇరుక్కున్నప్పుడు తొందరపడి స్టీరింగు తిప్పాను, లోపలి ప్లాస్టిక్ పళ్లు అరిగిపోయాయి. నాలుగు గ్రాములు బరువు పెరిగినా ఇప్పుడున్న ఎంజీ90ఎస్ లోహపు పళ్లది. అది బలంగా లాగినప్పుడల్లా రిసీవర్ ఒక్క క్షణం ఆగిపోయేది. పాడైన సెట్‌టాప్ బాక్సు బోర్డు నుంచి తీసిన 470 మైక్రోఫారడ్ కెపాసిటర్‌ను (కరెంటు తగ్గిన క్షణంలో ఆదుకునే చిన్న నిలవ లాంటిది) రిసీవర్ దగ్గర కలిపాక ఆ బాధ పోయింది.

బ్యాటరీ కోసం పాత ల్యాప్‌టాప్ ప్యాకు నుంచి తీసిన రెండు 18650 సెల్స్ (గొట్టంలా ఉండే లిథియం-అయాన్ సెల్స్) వాడాను. ఇక్కడ మాత్రం పొదుపు కోసం సాహసం చేయకండి. సొట్ట పడిన సెల్, 2 వోల్టుల కన్నా కిందికి దిగిపోయిన సెల్, ఛార్జింగులో వేడెక్కే సెల్ ఎంత బాగా కనిపించినా పక్కన పెట్టేయాలి. నేను ఉంచుకున్నవి 4.2 వోల్టుల వరకు ఛార్జ్ చేసి వారం రోజులు వదిలేసినా వోల్టేజీ దాదాపుగా నిలుపుకున్నవి. సెల్ మీద నేరుగా టంకం పెడితే ఆ వేడికి లోపల దెబ్బతింటుంది, అందువల్ల ఈ-ఆటో బ్యాటరీలు బాగుచేసే చోట నికెల్ పట్టీలతో స్పాట్ వెల్డింగ్ చేయించాను, సెల్స్‌ను అతి ఛార్జింగు నుంచి కాపాడే బీఎంఎస్ బోర్డు కూడా పెట్టాను.

బాడీ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఫ్లెక్సీ దుకాణంలో దొరికిన 3 మిల్లీమీటర్ల సన్‌బోర్డు (తేలికైన ఫోమ్ పలక) ముక్కలు, ఫెవిక్విక్, తెల్ల పెయింటు. బానెట్ వంపు నాకు సరిగా రాలేదు, మీకూ కనిపిస్తూనే ఉంటుంది.

ఇప్పుడు బరువు. కట్టడం పూర్తయిన రోజున బండి 392 గ్రాములు తూగింది, అందులో సగానికి పైగా వెనక ఇరుసు మీదే ఉంది. చెక్క పలకను కొద్దికొద్దిగా లేపుతూ, ఫోనుతో వాలు కొలుస్తూ ఎక్కిస్తే 40 డిగ్రీల దగ్గర వెనక్కి పల్టీ కొట్టింది. 112 మిల్లీమీటర్ల పొట్టి బండికి ఇది సహజమే. సెల్స్‌ను ముందు ఇరుసు పైకి జరిపి, వీల్ బ్యాలెన్సింగ్ దుకాణంలో పారేసిన అంటింపు బరువులను ముందు చక్రాల లోపల గుండ్రంగా అతికించాను. బరువు చక్రంలోనే ఉంటే నేలకు దగ్గరగా ఉంటుంది, సస్పెన్షన్‌నూ అణచదు. ఇప్పుడు మొత్తం 420 గ్రాములు, అందులో ముందు ఇరుసు మీద 250. అదే పలక మీద 46 డిగ్రీల దగ్గర టైర్లు జారుతున్నాయి గానీ బండి పల్టీ కొట్టడం లేదు.

ఈ దృశ్యం మడికొండ దాటాక ఉన్న గ్రానైట్ గుండ్ల దగ్గర తీసినది. ఒకే రాతి పేరు పెట్టుకున్న ఓరుగల్లు మనది కాబట్టి కోటలోని ఏకశిల గుట్ట మీదే నడపమని కొందరు అడిగారు. అది పురావస్తు శాఖ రక్షణలో ఉన్న చోటు, అక్కడ నడపను. ఎండిన గ్రానైటు గరుకుగా ఉండటంతో టైరు చక్కగా పట్టుకుంటోంది. ఒక చక్రం నెర్రెలో దిగినా మిగతా మూడూ లాగడం చూడండి, ఎం-సీల్ పెట్టిన ఫలితం అదే. మొరం దారిలో మాత్రం బండి తేలిపోయింది, వాలు 30 డిగ్రీలు దాటకముందే జారింది. ఈ టైర్ల రబ్బరు గట్టిది, లోపల స్పాంజీ నింపినా మెత్తబడలేదు. ఇరవై నిమిషాల తర్వాత ముందు మోటారు చేయి పెట్టలేనంత వేడెక్కింది, నీడలో పది నిమిషాలు ఆపవలసి వచ్చింది.

కొనవచ్చా, కట్టవచ్చా అని అడిగేవారికి నా తీర్పు ఇది. దారిలో బండి నడపడమే మీకు కావలసినదైతే ఇదే స్కేలులో తయారుగా దొరికే బండిని కొనండి. దాని టైర్లు, గేర్లు వీటికన్నా మేలైనవి, రేడియో (ట్రాన్స్‌మిటర్, రిసీవర్) ఖర్చు లెక్కేస్తే నేను మిగుల్చుకున్నది కూడా అంతంతమాత్రమే. మోటారు ఎందుకు ఆగింది, బండి ఎందుకు పల్టీ కొట్టింది అని విప్పి చూడటంలో ఆనందించేవారైతే ఇంట్లో మూలన పడిన బొమ్మను ముందుగా విప్పండి, రేడియో తర్వాత కొనవచ్చు. ఈ బండి ముందు ఇరుసులో ఇప్పుడు కరకరమని శబ్దం వస్తోంది, మొరం దుమ్ము పళ్లలోకి చేరినట్టుంది. కెమెరా ఆపి దాన్ని విప్పుతాను.