ఎమ్మెల్సీ రాయించారా?

వ్యాఖ్యాత: నమస్కారం, చెప్పండి. ఎక్కణ్నుంచి?

కాలర్: శ్రీకాకుళం జిల్లా, ఉద్దానం వైపు మేడమ్. పేరొద్దు. సర్కారు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని.

న్యాయవాది: ఏం జరిగిందమ్మా?

కాలర్: ఆదివారం నైట్ డ్యూటీ సార్. జీడితోటలో పాము కరిచిందని ఒకాయన్ని తెచ్చారు. కరిచి మూడు గంటలయింది, ముందు మంత్రం వేయించారట. అప్పటికే రెప్పలు వాలిపోతున్నాయి. డాక్టరుగారు విషానికి ఇంజెక్షన్ మొదలెట్టించి 108కి ఫోన్ చేశారు. బండి వచ్చేలోపే పోయాడు. వాళ్ల తమ్ముడు నా మెడలో ఐడీ కార్డు ట్యాగు పట్టుకు లాగాడు. సెలైన్ స్టాండు తీసి మానిటర్ పగలగొట్టారు. గాజు విరిగి నా మణికట్టులో దిగింది.

న్యాయవాది: దానికి ఎమ్మెల్సీ, అంటే పోలీసు కేసు కోసం డాక్టరు రాసే గాయం కాగితం, రాయించారా?

కాలర్: ...లేదండి. నేనే కట్టు కట్టుకున్నాను.

న్యాయవాది: చూశారా! ఊళ్లో కొట్లాటలన్నిటికీ ఎమ్మెల్సీ రాసేది మీ ఆసుపత్రే, మీ దెబ్బకి మాత్రం కాగితం లేదు. ఇవాళే డాక్టరు చేత రాయించండి. ఆ ట్యాగు పారేయకండి.

కాలర్: పెద్దలు రాజీ అంటున్నారు, మానిటర్ డబ్బులిస్తారట. మా సారు కూడా ‘చావు జరిగిన ఇల్లు, వదిలేయమ్మా’ అన్నారు.

న్యాయవాది: వాళ్ల ఏడుపు నిజమే, కాదనను. కానీ ఆసుపత్రి సిబ్బంది మీద దాడికి మన రాష్ట్రంలో 2008 నుంచి విడిగా చట్టముంది. మూడేళ్ల దాకా జైలు, 50 వేల దాకా జరిమానా. నాన్‌బెయిలబుల్. పగిలిన సామానుకి కొన్న ధరకి రెట్టింపు కట్టాలి. ఆ రాజీలో మానిటర్‌కి లెక్క కట్టారు గానీ, మీ మెడ సంగతి ఎవరైనా ఎత్తారా?

వ్యాఖ్యాత: ఫిర్యాదు ఈవిడే ఇవ్వాలా సార్?

న్యాయవాది: ఆసుపత్రి పేరు మీదే వెళ్తే మంచిది. ఒంటరిగా ఇస్తే రేపు ఈవిడ ఇంటి ముందుకొస్తారు. 2024 ఆగస్టులో కేంద్ర ఆరోగ్యశాఖ తన ఆసుపత్రులకి, దాడి జరిగిన ఆరు గంటల్లో సంస్థే ఎఫ్‌ఐఆర్ పెట్టించాలని చెప్పింది. మీది రాష్ట్రానిదే అయినా ఆ ఉత్తర్వు మీ సారుకి చూపించండి. స్టేషన్‌లో తీసుకోకపోతే ఎస్పీగారికి పోస్టులో పంపొచ్చు.

కాలర్: కేస్ షీట్‌లో ఒకట్రెండు టైములు రాయలేదు సార్. ఇప్పుడు పూర్తి చేసేయనా?

న్యాయవాది: వద్దు తల్లీ! ముట్టుకోకండి. ఏం జరిగిందో వేరే కాగితం మీద, ఇవాళ్టి తేదీ వేసి రాసివ్వండి.

కాలర్: సరే సార్. రేపు మళ్లీ నైటే.

న్యాయవాది: తోడెవరుంటారు?

కాలర్: నేను, ఒక ఆయా. వాచ్‌మన్ పోస్టు ఖాళీ.

న్యాయవాది: అదీ ఫిర్యాదులో రాయండి.