పాత స్టేషన్ వ్యాగన్‌కి కొత్త ఇంజిన్ వేసేటప్పుడు పొగ సంగతి

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లు అధ్యక్షులవారు చదివేశారు, నేను మళ్ళీ చదవను. 1955–57 షెవ్రోలె స్టేషన్ వ్యాగన్‌కి ఈ కాలపు ఇంజిన్, గేర్‌బాక్స్, బ్రేకులు, వైరింగ్ ఎలా అమర్చాలో వరసగా చెప్పమన్నారు. మన ఊళ్ళలో అంబాసిడర్ పెట్రోలు ఇంజిన్ దించి డీజిల్ ఇంజిన్ ఎక్కించడం చూసినవాళ్ళకి ఈ పని తీరు తెలిసిందే.

ఇక్కడ అమెరికాలో ఎక్కువమంది ఎంచుకునేది జనరల్ మోటార్స్ పికప్ ట్రక్కుల్లో వచ్చే 5.3 లీటర్ల వీ8, దాని వెనక 4ఎల్60ఈ ఆటోమేటిక్ గేర్‌బాక్స్. ట్రక్కు ఆయిల్ సంపు లోతెక్కువ. ఈ చాసీలో ముందు క్రాస్‌మెంబర్‌కి, అంటే అడ్డదూలానికి, అడ్డొస్తుంది, లేదంటే నేలకి మరీ దగ్గరగా వేలాడుతుంది. లోతు తక్కువ సంపుతో పాటు దానికి సరిపోయే పికప్ ట్యూబు, అంటే సంపులోంచి పంపుకి ఆయిల్ పీల్చే గొట్టం, కూడా కొనండి. ఆ ట్యూబు ఓ-రింగు, అంటే రబ్బరు రింగు, బిగించేటప్పుడు నలిగిందంటే పంపు ఆయిల్‌తో పాటు గాలి పీలుస్తుంది, ప్రెషర్ పడిపోతుంది, బేరింగులు పోతాయి. ఇక హెడ్ల మీది సన్నటి ఆవిరి గొట్టం. అక్కర్లేదనుకుని బిరడా కొట్టేసేవాళ్ళున్నారు. అలా చెయ్యొద్దు. దాన్ని రేడియేటర్ పైభాగానికి కలపకపోతే హెడ్లలో ఆవిరి చిక్కుకుని ఇంజిన్ వేడెక్కుతుంది.

గేర్‌బాక్స్ వెనక్కి 3 డిగ్రీలు కిందికి వాలి ఉంటే, వెనక ఆక్సిల్ పినియన్ ముక్కు, అంటే జాయింట్ షాఫ్ట్ వచ్చి తగిలే చోటు, 3 డిగ్రీలు పైకి ఉండాలి. ఈ కొలత బండి బరువు నాలుగు చక్రాల మీద ఉన్నప్పుడే తియ్యాలి. జాకీల మీద లేపి ఆక్సిల్ వేలాడుతుండగా కొలిచి వెల్డింగ్ కొట్టేస్తే, రోడ్డెక్కాక జాయింట్ షాఫ్ట్ వణుకు మొదలవుతుంది. అందుకే కొలత ఖాయమయ్యేదాకా స్ప్రింగ్ ప్యాడ్లకి చుక్క వెల్డింగే వెయ్యండి.

బ్రేకులు. ఈ బండికి నాలుగూ డ్రమ్ములే, మాస్టర్ సిలిండర్ ఒక్క గదిదే. ఒకచోట పైపు కారితే నాలుగు చక్రాల బ్రేకులూ పోతాయి. ముందు చక్రాలకి డిస్కులు వేసేటప్పుడు రెండు గదుల మాస్టర్ సిలిండర్ పెట్టండి. ఈ బండిలో పాత సిలిండర్ ఉండేది ఇంజిన్ వెనక రేకు గోడ మీద. కొత్తదాన్ని ఫ్లోర్ కింద పెడితే మాత్రం డిస్కుల లైనుకి 2 పీఎస్ఐ, డ్రమ్ముల లైనుకి 10 పీఎస్ఐ రెసిడ్యువల్ వాల్వు, అంటే పైపులో కాస్త ఒత్తిడి నిలిపి ఉంచేది, ఉండాలి. అవి తారుమారైతే డిస్కుల ప్యాడ్లు వదలకుండా రాసుకుని కాలిపోతాయి.

వరస ప్రకారం ఇప్పుడు వైరింగ్ చెప్పాలి. కానీ అయ్యా, నేను ఇంతదూరం వచ్చింది పొగ గురించి చెప్పడానికి. హార్స్ పవర్ గురించి గంటలు మాట్లాడుకుంటాం, సైలెన్సర్ గొట్టం చివర ఎక్కడ ఆగిందో అడిగేవాళ్ళుండరు.

సెడాన్‌కీ వ్యాగన్‌కీ ఇక్కడే తేడా. సెడాన్‌లో డిక్కీకీ మనుషులకీ మధ్య సీటు, రేకు అడ్డం ఉంటాయి. వ్యాగన్‌లో సామాను, పిల్లలు, మనం అందరం పీల్చేది ఒకే గాలి. బండి పరుగెడుతుంటే నిటారుగా ఉన్న వెనక భాగం వెనకాల గాలి ఒత్తిడి తగ్గి, గొట్టంలోంచి వచ్చిన పొగ అక్కడే సుడి తిరుగుతుంది. టెయిల్‌గేట్, అంటే వెనక తలుపు, రబ్బరులో ఏ కాస్త సందున్నా లోపలికి దూరుతుంది. ఈ షెవ్రోలె వ్యాగన్లలో నోమాడ్ అనే రెండు తలుపుల రకం టెయిల్‌గేట్ దగ్గర వాన నీళ్ళు కారతాయని ఈ బండ్లు ఎరిగినవాళ్ళందరికీ తెలుసు. నీళ్ళొచ్చే దారినే కార్బన్ మోనాక్సైడ్ కూడా వస్తుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. తలనొప్పి, మగత వస్తే ప్రయాణం బడలిక అనుకుంటాం.

దయచేసి రాసుకోండి. గొట్టం చివర బంపర్ దాటి బయటికి రావాలి, టెయిల్‌గేట్ కింద ఆపెయ్యకూడదు. టెయిల్‌గేట్ ఆనే రేకు అంచు చుట్టూ సుద్దముక్క రాసి, తలుపు మూసి, తెరిచి చూడండి. రబ్బరు మీద సుద్ద అంటని చోట సందున్నట్టు. తర్వాత ఒక డాలరు నోటు పెట్టి మూసి లాగండి, చుట్టూ ఒకే బిగువుతో రావాలి. వెనక లైట్ల గాస్కెట్లు, ఫ్లోర్‌లో వైర్లు దిగే రంధ్రాల రబ్బరులు కూడా చూడండి. పొడవాటి చెక్కలు తెస్తూ పై తలుపు తెరిచి నడపడం అన్నిటికన్నా ప్రమాదం. తప్పదంటే ముందు అద్దాలు దించి, హీటర్ ఫ్యాన్ బయటి గాలికి పెట్టి నడపండి. బ్యాటరీతో పనిచేసే కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి వెనక సీటు దగ్గర ఉంచండి. అందరూ ఉంచుతారా? గట్టిగా చెప్పండి.

ఇంజిన్‌లోంచి పొగ బయటికొచ్చే మానిఫోల్డ్ దగ్గర లీకు ఇంకో రకం తంటా. ఆక్సిజన్ సెన్సర్‌కి ముందు గొట్టంలోకి బయటి గాలి చేరితే, పెట్రోలు తక్కువైందనుకుని కంప్యూటర్ ఇంకా పోస్తుంది. బండి నల్లపొగ వదులుతుంటే ట్యూనింగ్ మీద చెయ్యి వెయ్యకముందే ఫ్లాంజి గాస్కెట్లు చూడండి.

అధ్యక్షులవారు గడియారం చూపిస్తున్నారు. వైరింగ్‌లో ఒక్క ముక్క చెప్పి దిగుతాను. ఈ బండి బాడీ చాసీ మీద రబ్బరు దిమ్మలతో కూర్చుంటుంది కాబట్టి ఎర్త్ దానంతటది అందదు. ఇంజిన్ నుంచి చాసీకి, చాసీ నుంచి బాడీకి విడివిడిగా మందపాటి ఎర్త్ పట్టీలు వెయ్యండి. పట్టీ కూర్చునే చోట పెయింటు గీకి, మెరిసే ఇనుము కనబడ్డాకే బోల్టు బిగించండి.