తుడవమంటే సర్దేస్తున్నారు! కారులో వస్తువులు పోయేది అక్కడే

సూటిగా చెప్పేస్తున్నా. నేను చూసినంతలో, కారు లోపల శుభ్రం చేయడానికి ఇచ్చినప్పుడు పోయే వస్తువుల్లో ఎక్కువ భాగం దొంగ చేతుల్లో పోవు, సర్దే చేతుల్లో పోతాయి. అవును, సర్దే చేతుల్లోనే. కస్టమర్ తలుపు తీయగానే "అబ్బ, ఎంత నీటుగా ఉంది" అనాలని ఆశపడి, కప్ హోల్డర్‌లోది గ్లవ్ బాక్స్‌లోకి, గ్లవ్ బాక్స్‌లోది డిక్కీలోకి, సీటు మీదది చెత్త సంచిలోకి మార్చేసే ఆ మంచి మనిషి ఉన్నాడు చూశారూ, ఆయనతోనే వస్తుంది ప్రమాదం. తప్పు పనికి తాళాలు వేసుకుంటాం, కెమెరాలు పెట్టుకుంటాం. మంచి మనసుతో చేసే తప్పుకి ఏ తాళం వేస్తాం?

గొడవ ఏమిటో మీకు తెలిసిందే. కారు ఇచ్చారు, తెచ్చుకున్నారు, ఇంటికెళ్లి చూస్తే చెవి కమ్మ లేదు. ఫోన్ చేస్తే "బోర్డు చూడలేదా, వస్తువులకు మేము బాధ్యులం కాము అని రాసి పెట్టాం కదా" అంటారు. కారు ఇచ్చినవాళ్లేమో "మీ కుర్రాడే తీశాడు" అంటారు. వెంటనే జనం రెండు ముక్కలు. ఒక వర్గం "కారు ఖాళీ చేసి ఇవ్వాలని తెలీదా" అని కస్టమర్ మీద పడుతుంది, ఇంకో వర్గం "అందరూ దొంగలే" అని పనివాళ్ల మీద పడుతుంది. నాకైతే రెండు మాటలూ వింటే ఒళ్లు మండుతుంది, ఎందుకంటే అసలు తప్పు ఎక్కడ జరిగిందో ఎవరూ అడగరు. ఆ కమ్మ చివరిసారి కారులో ఎక్కడ ఉంది? దాన్ని అక్కడి నుంచి ఎవరు కదిపారు? కదిపినవాళ్లు ఎక్కడైనా రాసుకున్నారా? ఈ మూడూ వదిలేసి అరుచుకుంటున్నారు.

నేను ఈ పని చేసినవాణ్ణి కాబట్టి చెప్తున్నా. ఆరేళ్లు కార్ల లోపలే బతికాను. పనిలో చేరిన కొత్తలో ఒక పెద్దాయన కారు వచ్చింది. కప్ హోల్డర్‌లో నలిపిన టిష్యూ ఉంది. నలిపిన టిష్యూ అంటే ఏం చేస్తాం? తీసి చెత్తలో పడేశాను, రెండో ఆలోచనే లేదు. సాయంత్రం ఆయన, ఆయన కూతురు వచ్చారు. ఆ టిష్యూలో ఆయన వినికిడి మిషన్ ఉందట. చెవి నొప్పి పుడుతుంటే తీసి, చుట్టి, అక్కడ పెట్టుకున్నారు. అప్పటికే చెత్త బండి వెళ్లిపోయింది. నేను ఆయన ముందు నిలబడి తప్పయిపోయిందండీ అంటున్నాను, ఆయన చెయ్యి చెవి దగ్గర పెట్టి "ఏమన్నావ్ బాబూ" అంటున్నారు. నేను చెప్పే క్షమాపణ కూడా ఆయనకి వినబడట్లేదు. కూతురు ఆయన చెవిలో గట్టిగా చెప్పాల్సి వచ్చింది. అది నేను మర్చిపోలేదు, మర్చిపోను. నేను దొంగనా? కాదు. కానీ ఆయన వస్తువు పోయింది, పోగొట్టింది నేనే. అప్పటి నుంచి టిష్యూ కనబడితే విప్పి చూడకుండా వదల్లేదు. కట్టుడు పళ్లు, ఉంగరాలు, సిమ్ కార్డులు, పిల్లల పాల పన్ను... మనుషులు విలువైనవన్నీ టిష్యూలోనే చుడతారు, ఎందుకో తెలీదు గానీ నిజం.

అందుకే నా సిద్ధాంతం ఇది, ఎవరేమన్నా మార్చుకోను: శుభ్రం చేసేవాడికి మట్టి మీద హక్కు ఉంది, వస్తువు చోటు మీద లేదు. ఒక వస్తువు ఎక్కడుందో అదే దాని చిరునామా. మీకు చిందరవందరగా కనబడే డాష్‌బోర్డులో ఆ మనిషికి ఒక లెక్క ఉంటుంది. డోరు జేబులో కళ్లజోడు, సీటు కింద గొడుగు, అద్దం వెనక ముడిచిన కాగితం. చీకట్లో చెయ్యి పెడితే దొరకాలి. మీరు అందంగా సర్దితే, ఆ వస్తువు కారులోనే ఉన్నా ఆ మనిషి దృష్టిలో పోయినట్టే. సగం దొంగతనం ఆరోపణలు ఇలాగే పుడతాయని నేను గట్టిగా నమ్ముతాను.

ఇప్పుడు ఆ బోర్డు సంగతి. "మేము బాధ్యులం కాము." ఈ బోర్డు చూస్తే నాకు కోపం ఆగదు. తాళం చేతిలోకి తీసుకున్నాక, కారు మీ ఆవరణలో ఉన్నాక, తలుపు తీసి లోపల చెయ్యి పెట్టాక బాధ్యత లేకపోవడం ఏమిటండీ? వేరొకరి వస్తువు పని కోసం నీ అదుపులోకి వస్తే, దాన్ని నీ సొంత వస్తువంత జాగ్రత్తగా చూడాలన్నది చాలా దేశాల చట్టాల్లో ఎప్పటి నుంచో ఉన్న మాట. గోడకి ఒక రేకు ముక్క తగిలించి నిర్లక్ష్యం మొత్తం కడిగేసుకుంటాం అంటే, అన్ని చోట్లా అది చెల్లుతుందన్న నమ్మకమేమీ లేదు. పైగా ఆ బోర్డు లోపల పనిచేసేవాళ్లకి ఏం నేర్పుతుంది? "పోతే పోయింది, మనకేం" అని నేర్పుతుంది.

ఇక్కడ ఒక పాత కథ చెప్పాలి, పక్కదారి అనుకోకండి. 1722, ఇంగ్లండు. పొగగొట్టాలు శుభ్రం చేసే ఒక కుర్రాడికి రాళ్లు పొదిగిన నగ దొరికింది. అంటే వాడూ మన వృత్తి వాడే, క్లీనింగ్ మనిషి! వెల తెలుసుకుందామని కంసాలి కొట్టుకి తీసుకెళ్లాడు. అక్కడి పనివాడు తూకం వేస్తున్నట్టు నటించి రాళ్లు పీకేశాడు, చిల్లర డబ్బులు ఇవ్వబోయారు, కుర్రాడు వద్దు నా నగ నాకిచ్చెయ్ అన్నాడు, వాళ్లు ఖాళీ బిళ్ల చేతిలో పెట్టారు. కోర్టుకెళ్లింది. ఆర్మరీ వర్సెస్ డెలమిరీ, లా చదివినవాళ్లకి మొదటి పాఠాల్లోనే వస్తుంది. జడ్జి మూడు మాటలు చెప్పారు. దొరికినవాడికి అసలు యజమాని తప్ప మిగతా అందరి మీదా హక్కు ఉంటుంది. పనివాడు చేసిన దానికి కొట్టు యజమాని జవాబు చెప్పాలి. మూడోది నాకు ప్రాణం: ఆ రాయి తెచ్చి చూపించకపోతే, నగలో రాయి పొదిగే ఆ గుంటలో పట్టే రాళ్లలో అన్నిటికన్నా మేలైన రాయే పోయిందని లెక్కగట్టండి అని జ్యూరీకి చెప్పారు.

అర్థమైందా? మూడు వందల ఏళ్ల కిందటే చెప్పేశారు. నీ దగ్గర రుజువు లేకపోతే పోయిన రాయి ఎప్పుడూ వజ్రమే! కస్టమర్ వచ్చి కమ్మ బంగారం అంటే బంగారమే, కళ్లజోడు ఖరీదైనది అంటే ఖరీదైనదే. నువ్వు కాదనడానికి నీ దగ్గర ఏముంది? బోర్డు ఉంది. బోర్డు మీద ఆ కమ్మ ఫోటో ఉందా?

ఇంకా నొప్పి కలిగించే సంగతి చెప్తా. మాతో పనిచేసిన ఒక కుర్రాడు, చాలా నెమ్మది మనిషి, ఒక కారు చేశాక ఉంగరం పోయిందన్నారు. జేబులు వెతికారు అందరి ముందూ. మరుసటి రోజు పనిలోంచి తీసేశారు. వారం తర్వాత సీటుకీ మధ్య కన్సోల్‌కీ ఉన్న సందులో ఉంగరం దొరికిందని వాళ్లే ఫోన్ చేసి చెప్పారు. అయితే కుర్రాణ్ణి ఎవరైనా వెనక్కి పిలిచారా? లేదు. ఆ రోజు కారు లోపలికి వెళ్లేముందు నాలుగు ఫోటోలు తీసి ఉంటే ఆ ఉంగరం కారులో కనబడే చోట లేదని అక్కడే తేలిపోయేది. ఫోటో కస్టమర్ కోసం అనుకుంటారు, కాదు. ఫోటో పనిచేసే కుర్రాడి కోసం.

మరి ఎలా చేయాలి? కష్టమేమీ లేదు. కారు తీసుకునేటప్పుడు యజమానిని పక్కన నిలబెట్టుకుని లోపల తిరగండి. "ఇది తీయనా, ఇది ముట్టుకోవద్దా, గ్లవ్ బాక్స్ తెరవనా" అని అడగండి. తెరవమనకపోతే తెరవకండి, అంతే. తర్వాత ముందు ఎడమ, ముందు కుడి, వెనక సీటు, డిక్కీ, ఇలా ఒక్కో చోటుకి ఒక్కో పారదర్శకమైన సంచి, దాని మీద మాస్కింగ్ టేపు, టేపు మీద చోటు పేరు, కారు నంబరు. తీసేముందు ఫోటో, సంచిలో వేశాక ఫోటో. చిల్లర నాణేలు చిన్న జిప్ కవర్లో, ఒక్క నాణెం ఉన్నా సరే. పని అయ్యాక ఆ ఫోటో చూసుకుంటూ ఏ వస్తువు ఆ చోటే. చెత్తకి కూడా విడి సంచి, కస్టమర్ చూసి సరే అనేదాకా దాన్ని బయట పడేయొద్దు. నేను ఆ రోజు ఈ ఒక్కటి చేసి ఉంటే ఆ పెద్దాయనకి చెవి మిషన్ దొరికేది.

వ్యాక్యూమ్ గొట్టం పెట్టేముందు టార్చి వేసి చూడాలి. సీటు కింద కళ్లు మూసుకుని చెయ్యి పెట్టకండి, సూదులుంటాయి, బ్లేడ్లుంటాయి, గుచ్చుకుంటే జీవితాంతం టెన్షన్. చిన్న వస్తువు ఉందని అనుమానం ఉంటే గొట్టం మూతికి పల్చటి గుడ్డ కట్టండి, మట్టి లోపలికి పోతుంది, కమ్మ గుడ్డకి అంటుకుంటుంది. సీటు పట్టాల్లో ఇరుక్కున్నదాన్ని బలంగా లాగకండి. సీటు కింద ఎయిర్‌బ్యాగ్ వైర్లుంటాయి, చాలా కార్లలో వాటి కనెక్టరు పసుపు రంగులో ఉంటుంది, అది కదిలితే మీటర్ మీద హెచ్చరిక దీపం వెలుగుతుంది, అప్పుడు పోయింది కమ్మ కాదు, ఇంకో గొడవ మొదలు.

పిల్లల సీటు విషయంలో నేను మొండిగా ఉంటా. యజమానితోనే తీయించండి, యజమానితోనే బిగించమనండి. మీరు "గట్టిగానే పెట్టాను" అనుకుంటారు, ఐసోఫిక్స్ కొక్కెం, అంటే పిల్లల సీటుని కారుకి బిగించే కొక్కెం, సరిగ్గా పడకపోతే అది ప్రమాదం జరిగినప్పుడే తెలియొచ్చు. ఆ బెల్టు పట్టీల మీద ఘాటు కెమికల్ కొట్టకండి, తయారీదారు పుస్తకంలో చెప్పినదాన్నే వాడండి.

మందులు కూడా అంతే. తీసిన సంచి తీసుకెళ్లి పక్కన ఎండలో నిలబెట్టిన కారులో పడేసేవాళ్లని నేను కళ్లారా చూశాను. 2005లో పీడియాట్రిక్స్ అనే వైద్య పత్రికలో అచ్చయిన పరిశోధనలో, ఎండలో మూసి ఉంచిన కారు లోపల గంటలో సగటున 22 డిగ్రీల సెల్సియస్ పెరిగింది, అందులో 80 శాతం మొదటి అరగంటలోనే. ఆ సంచిలో ఇన్సులిన్ ఉంటే? పవర్ బ్యాంకు ఉంటే? నీడలో, తాళం వేసే చోట పెట్టాలి.

కాగితాలు చదవకండి. ఆసుపత్రి రిపోర్టు కనబడితే కన్ను తిప్పుకోండి. స్క్రీన్ మీద వచ్చే కాల్ లిస్టు మీది కాదు. ఇంకో మాట, కారులో పెట్టుకునే డ్యాష్‌క్యామ్ కెమెరాల్లో కొన్ని బండి ఆగి ఉన్నా రికార్డు చేస్తాయి, కొన్ని మాటలతో సహా. కానీ కెమెరా ఉందని కాదు, ఆ కారు వాళ్ల ఇల్లు లాంటిది కాబట్టి.

కార్లు ఇచ్చేవాళ్లకి కూడా చెప్తా, తప్పించుకోలేరు. తాళాల గుత్తి మొత్తం ఇస్తారెందుకు? ఇంటి తాళం, బీరువా తాళం, ఆఫీసు తాళం, అన్నీ తెలియని చేతిలో పెట్టి, పైగా చిరునామా ఉన్న కాగితాలు కారులో వదిలేస్తారు. కారు తాళం ఒక్కటే విడదీసి ఇవ్వండి. డబ్బు, నగలు, ల్యాప్‌టాప్ ముందే తీసుకోండి. కానీ మర్చిపోయారనుకోండి, మర్చిపోవడం నేరం కాదు, మనుషులు మర్చిపోతారు.

"ఇంత టైమ్ ఎక్కడుంది, వరసగా బళ్లు నిలబడి ఉంటాయి" అంటారు యజమానులు. నాకు తెలుసు, నేనూ ఆ వరసలో చెమటలు కార్చినవాణ్ణే. ఫోటోలకి రెండు నిమిషాలు. సంచులకి ఇంకో ఐదు. పోయిన కమ్మ కోసం వ్యాక్యూమ్ సంచి నేల మీద పరిచి దుమ్ములో వేళ్లు పెట్టి వెతికితే గంట, అప్పటికీ దొరక్కపోతే ఒక కుర్రాడి ఉద్యోగం. ఏది ఎక్కువ టైమ్?

ఈసారి కారు ఇచ్చేటప్పుడు ధర అడిగేముందు ఒక్కటి అడగండి: "లోపల నుంచి తీసిన వస్తువు ఎక్కడ పెడతారు, ఎవరు రాసుకుంటారు?" అవతలి మనిషి సంచి తీసి చూపిస్తే తాళం ఇవ్వండి. వేలు పెట్టి బోర్డు చూపిస్తే బండి వెనక్కి తిప్పుకుని వచ్చేయండి.