తోడుండే మనిషికి కూలి

(ప్రపంచ కిడ్నీ దినోత్సవం సందర్భంగా పలాసలో జరిగిన సభలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడి ప్రసంగం)

వేదిక మీదున్న పెద్దలకు, డాక్టరుగారికి, సర్పంచిగారికి, ముందు వరసలో కూర్చున్న అక్కచెల్లెళ్ళకి, వెనక గోడకానుకుని నిల్చున్న కుర్రాళ్ళకి నమస్కారం. మైకు సరిచేసిన బాబుకి కూడా. బడిపంతుల్ని కదా, హాజరు పూర్తిగా తియ్యందే నోరు పెగలదు.

నాకిచ్చిన అంశం ‘కిడ్నీ రోగులు, ఆహార నియమాలు’. చెప్తాను. ఉప్పు తగ్గించాలి. పొటాషియం తగ్గడానికి కూరముక్కలు ఉడకబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, అప్పుడు వండుకోవాలి. డయాలసిస్ మీదున్నవాళ్ళు తాగే నీళ్ళు కొలుచుకోవాలి. కొబ్బరినీళ్ళు ముట్టకూడదు. ఉద్దానంలో పుట్టి, కొబ్బరితోటలో మంచం వేసుకుని, కొబ్బరినీళ్ళు తాగకూడదు! సరే. కాగితం మీద ‘రోగి పాటించవలసిన నియమాలు’ అని ఉంటుంది. పాటించేది ఎవరండీ? ముక్కలు కోసేదెవరు, నీళ్ళు కొలిచేదెవరు? మా ఇంట్లో అయితే మా చెల్లి.

అది ఇక్కడే జీడి ఫ్యాక్టరీలో పనిచేసేది. మా బావకి డయాలసిస్ మొదలైంది. వారానికి మూడుసార్లు, ఎక్కించిన ప్రతిసారీ నాలుగు గంటలు, రానూపోనూ ప్రయాణం వేరే. వారానికి మూడు నాగాలు పెడితే ఏ యజమాని ఉంచుకుంటాడు? పని పోయింది. రోజూ పొద్దున్నే ఆయన చేతిమీద ఫిస్టులా దగ్గర, అంటే డయాలసిస్ సూదులు గుచ్చడానికి రక్తనాళాలు కలిపి కుట్టిన చోట, వేళ్ళు పెట్టి, జుమ్ముమంటోందా లేదా చూస్తుంది. ఆ అదురు ఆగిందంటే ఆస్పత్రికి పరుగే. ఇదే పని నర్సు చేస్తే ఉద్యోగం అంటాం.

ఆమధ్య ఒక సభలో దానికి శాలువా కప్పారు. ఏ సభో అడక్కండి. ‘ఈ కాలపు సావిత్రి’ అన్నారు, చప్పట్లు మోగాయి. తిరుగుబస్సులో ఆ శాలువా మడతపెడుతూ అడిగింది: “అన్నియ్యా, ఇది అమ్మితే ఎంతొస్తాది?” నేను నవ్వాను. అది నవ్వలేదు. “సావిత్రి యముడెనకాల నడిసెల్లిపోనాది. నాను ఆటోకి ఇవ్వాల కదా!”

నవ్వుతున్నారు, నవ్వండి. ఇక్కడ తోడుగా వచ్చినవాళ్ళు ఎంతమందో ఒకసారి చేతులెత్తండి. చూశారా డాక్టరుగారూ? అన్నీ గాజుల చేతులే.

‘పింఛను ఇస్తున్నారు కదా మాష్టారూ’ అంటారు. నెలకి 10,000 వస్తోంది, కాదనను. అది రోగి పేరన వస్తుంది, మందులకీ ఆటోలకీ పోతుంది. పూర్తిగా మంచానపడ్డవాళ్ళకిచ్చే 15,000 కూడా రోగి పేరనే. తోడున్న మనిషి పేరు ఏ జాబితాలోనూ ఉండదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 24వ సెక్షనులో సంరక్షకుల భృతి మాట ఉంది. కానీ ఆ చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో కిడ్నీ జబ్బు లేదు. కేరళలో ఆశ్వాసకిరణం అని పథకం పెట్టి, మంచానపడ్డవాళ్ళని చూసుకునేవాళ్ళకి నెలకి 600 అన్నారు. 600 ఏ మూలకి? నిజమే. అయినా అది ఆ మనిషి పేరన వచ్చే డబ్బు.

మొగుడికి చేసినదానికి కూలేమిటని ఎవరో గొణిగారు. విన్నాను. ఇంగ్లండులో 1976లో ఇలాంటి భృతి పెట్టి, పెళ్ళయిన ఆడవాళ్ళకి మాత్రం లేదన్నారు. ఎలాగూ ఇంట్లోనే పడి ఉంటారు కదా అని! జాక్వెలిన్ డ్రేక్ అనే ఆవిడ తల్లిని చూసుకోడానికి ఉద్యోగం మానేసి, యూరప్ కోర్టుదాకా పోయి 1986లో గెలిచింది. అమెరికాలో పేదల ఆరోగ్య పథకం మెడికెయిడ్ కింద చాలా రాష్ట్రాల్లో సొంతవాళ్ళకే గంటల లెక్కన ఇస్తారు. భార్యకీ భర్తకీ అన్నిచోట్లా ఇవ్వరు. చూశారా, అక్కడా మొగుడూపెళ్ళాల దగ్గరే పేచీ! మన సుప్రీంకోర్టులో 2021 జనవరిలో, మన తెలుగాయన జస్టిస్ రమణగారు, ప్రమాదంలో పోయిన ఇల్లాలి పనికి విలువ కట్టాలని రాశారు. పోయాక కడతారన్నమాట. బతికుండగా సర్వే కుర్రాడొచ్చి ‘పని: లేదు’ అని రాసుకుపోతాడు.

నేనడిగేది పెద్దదేం కాదు. డయాలసిస్ రోజులు మూడింటికీ ఉపాధి కూలి లెక్కన, తోడెళ్ళిన మనిషి ఖాతాలో వెయ్యండి. హాజరు ఆస్పత్రి రిజిస్టరులో ఉంటుంది, దొంగ మస్టర్లకి చోటుండదు.

అర్జీ రాసి తెచ్చాను, ఆ బల్లమీద ఉంది. వేలిముద్రకి స్టాంపుప్యాడు కూడా పెట్టాను. సోమవారం కలెక్టరేటు అర్జీలకి పట్టుకెళ్తాను. ఆహార నియమాల సంగతి డాక్టరుగారు నాకన్నా బాగా చెప్తారు. రండి సార్, మైకు తీసుకోండి.