15,000 రూపాయల బేస్ గిటార్: తీగలు దించక ముందు, దించాక

నమస్కారం. నా ఒడిలో ఉన్న ఈ నాలుగు తీగల బేస్ గిటార్ మా పిన్ని కొడుకుది. ఒంగోలులో ఇంటర్ చదువుతున్నాడు, ఆదివారాలు చర్చిలో పాటల బృందంతో వాయిస్తాడు. దాచుకున్న డబ్బుతో 15,000 రూపాయల లోపు కొనుక్కున్నాడు. కొన్న మూడో వారం ఫోను చేసి, "అన్నా, నా వేళ్లకు బేస్ సరిపడదేమో, కీబోర్డుకు మారిపోతాను" అన్నాడు. నెల్లూరు నుంచి వెళ్లి చూశాను. వేళ్ల కొసలు కందిపోయి ఉన్నాయి. గిటార్ తీసుకుని ఐదో ఫ్రెట్ (తీగల కింద అడ్డంగా ఉండే లోహపు పట్టీ) దగ్గర ఒక్కసారి నొక్కగానే అర్థమైంది, లోపం వాడి వేళ్లలో లేదు. తీగలు అంత ఎత్తున ఉన్నాయి.

కంపెనీ పేరు చెప్పడం లేదు. ఈ ధరలో ఏది కొన్నా ఇంటికి రాగానే చూసుకోవలసినవి ఇవే. సెటప్, అంటే తీగల ఎత్తూ స్వరమూ సరిచేయడం, జరగని గిటార్‌కు మంచిదని గానీ చెడ్డదని గానీ మార్కులు వేయడం నాకు న్యాయంగా అనిపించదు.

ముందు కొలుద్దాం. కెమెరా దగ్గరికి తెస్తున్నాను, చూడండి. అర మిల్లీమీటరు గీతలున్న స్టీలు స్కేలు ఇది. పదిహేడో ఫ్రెట్ మీద నిలబెట్టి, ఫ్రెట్ పైభాగం నుంచి తీగ అడుగు వరకు ఉన్న ఖాళీ చూడాలి. లావు తీగ, అంటే ఇ తీగ దగ్గర 3.5 మిల్లీమీటర్లు దాటింది. సన్న తీగ, జి దగ్గర 3 పైనే. గిటార్ల కంపెనీ ఫెండర్ తన బేస్‌లకు ఇచ్చే కొలతల్లో, మామూలు వంపున్న ఫ్రెట్‌బోర్డుకు (ఫ్రెట్లు అమర్చిన పలకకు) లావు వైపు 2.4, సన్న వైపు 2 మిల్లీమీటర్లు. ఒక్క మిల్లీమీటరు తేడాయే కదా అనిపించవచ్చు. గంటన్నర ఆరాధన అంతా ఆ మిల్లీమీటరును వేళ్లతో నొక్కుతూ ఉంటే తెలుస్తుంది దాని బరువు.

ఇక్కడే చాలామంది తొందరపడి, తీగల కింది కొసలను పట్టి ఉంచే బ్రిడ్జ్ దగ్గరి స్క్రూలు తిప్పేస్తారు. వద్దు. ముందు నెక్, అంటే ఫ్రెట్లు ఉన్న పొడవాటి మెడ, చూడాలి. నాలుగు తీగలూ కలిపి నెక్‌ను దాదాపు 80 కిలోల బరువుతో లాగుతుంటాయి. ఆ లాగుడుకు ఎదురు నిలిచేది నెక్ లోపలి ట్రస్ రాడ్ అనే ఇనుప కడ్డీ. నెక్ ఎక్కువగా వంగి ఉంటే, బ్రిడ్జ్ దగ్గర ఎంత దించినా మధ్యలో తీగ ఎత్తుగానే ఉంటుంది. ఇ తీగను మొదటి ఫ్రెట్ దగ్గర, చివరి ఫ్రెట్ దగ్గర ఒకేసారి నొక్కి పట్టి, మధ్యలో ఎనిమిదో ఫ్రెట్ దగ్గర ఖాళీ చూడండి. దీనికి ఫీలర్ గేజ్, అంటే రకరకాల మందాల పలుచని రేకుల కట్ట, కావాలి. సంగీత దుకాణాల్లో వెతకనక్కరలేదు, బైకు మెకానిక్కులు టాపెట్లు సరిచేయడానికి వాడేదే. స్పేర్ పార్టుల దుకాణంలో అడిగితే ఇస్తారు. 0.3 మిల్లీమీటర్ల రేకు తీగను కదపకుండా దూరితే చాలు. మా వాడి గిటార్‌లో 0.6 రేకు కూడా సులువుగా దూరింది.

తీగలు కొంచెం వదులు చేసి, అలెన్ కీతో ట్రస్ రాడ్‌ను గడియారం ముల్లు తిరిగే వైపు పావు చుట్టు బిగించాను. పావు చుట్టే. మళ్లీ శ్రుతి చేసి, రాత్రంతా అలాగే ఉంచాను. చెక్కకు సర్దుకునే సమయం ఇవ్వాలి. పొద్దున కొలిస్తే 0.35. అక్కడితో ఆపాను. బిగించేటప్పుడు కీ మొరాయిస్తే బలం పెట్టకండి, తెలిసినవారి దగ్గరికి తీసుకెళ్లండి. రాడ్ తెగితే నెక్ పోయినట్టే.

ఇప్పుడు ఎత్తు. బ్రిడ్జ్ మీద ప్రతి తీగ కిందా శాడిల్ అనే చిన్న ఆధారం ఉంటుంది, దానికి రెండు చిన్న స్క్రూలు. రెండింటినీ సమానంగా తిప్పాలి, లేకపోతే శాడిల్ ఒరిగిపోతుంది. సముద్రానికి దగ్గరగా ఉండేవాళ్లు ఒక సంగతి గమనించాలి. కొత్తపట్నం వైపు నుంచి వచ్చే ఉప్పుగాలికి ఈ స్క్రూలు తొందరగా తుప్పు పడతాయి. ఇదిగో, ఈ ఎ తీగ స్క్రూ తల చూడండి, అప్పుడే ఎర్రబడింది. కుట్టుమిషను నూనె ఒక్క చుక్క అగ్గిపుల్ల కొసతో అంటించి, పది నిమిషాలు ఆగి తిప్పాను. చెక్కకు నూనె తగలనివ్వకండి.

మొదట 2.4కు, 2కు దించాను. జి తీగ పద్నాలుగో ఫ్రెట్ దగ్గర జీరగా మోగింది. పన్నెండో ఫ్రెట్ దాటాక వచ్చే జీర సాధారణంగా తీగ మరీ కిందికి వచ్చిందని గుర్తు. మొదటి నాలుగైదు ఫ్రెట్లలోనే వస్తే నెక్ మరీ నిటారుగా ఉందని. నొక్కకుండా మీటినప్పుడు మాత్రమే వస్తే నట్, అంటే నెక్ పై కొసన తీగలు ఆనే చిన్న పట్టీ, దాని గాడిని అనుమానించాలి. మా వాడు గట్టిగా మీటుతాడు కాబట్టి ఇ తీగను 2.6 దగ్గర, జి తీగను 2.2 దగ్గర నిలిపాను. యాంప్‌లో వినిపించని చిన్న జీరను వదిలేయండి.

తీగలు ఎంత కిందికి ఉంటే అంత గొప్ప అనుకునేవాళ్లకు ఒక మాట. అమెరికా రికార్డు కంపెనీ మోటౌన్ పాటలకు ప్రాణం పోసిన బేస్ వాద్యకారుడు జేమ్స్ జేమర్సన్ తన 1962 నాటి ఫెండర్ ప్రిసిషన్ బేస్ మీద తీగలను చాలా ఎత్తున ఉంచుకునేవాడు, ఒక్క చూపుడు వేలితోనే మీటేవాడు. ఎత్తు ఎంత అన్నది వాయించే చెయ్యి తేల్చాలి.

చివరిది ఇంటొనేషన్, అంటే ఏ ఫ్రెట్ దగ్గర నొక్కినా స్వరం సరిగ్గా పలకడం. 1951లో లియో ఫెండర్ తన బేస్‌కు ప్రిసిషన్ అని పేరు పెట్టింది ఫ్రెట్ల వల్ల స్వరం కచ్చితంగా పలుకుతుందని. అయితే తీగను నొక్కినప్పుడు అది కొంచెం సాగి, స్వరం పైకి పోతుంది. ఎత్తు ఎక్కువైతే సాగడమూ ఎక్కువే. అందుకే ఎత్తు సరిచేశాకే ఈ పని. పన్నెండో ఫ్రెట్ దగ్గర హార్మోనిక్ (తీగను నొక్కకుండా వేలు తాకించి మీటే స్వరం) మోగించి ట్యూనర్ చూడండి, తరువాత అదే చోట నొక్కి మోగించండి. నొక్కిన స్వరం ఎక్కువ చూపిస్తే శాడిల్‌ను వెనక్కి, తక్కువ చూపిస్తే నట్ వైపు జరపాలి. ఇ తీగ శాడిల్ ఒక్కటే బాగా వెనక్కి జరపాల్సి వచ్చింది.

ఇక గిటార్ సంగతి. ట్యూనింగ్ కీలు గట్టిగా ఉన్నాయి, శ్రుతి నిలుస్తోంది. తీగల కదలికను పట్టే పికప్‌ల శబ్దం నిండుగా ఉంది, చర్చి హాలులో డ్రమ్స్ పక్కన కూడా తేలిపోలేదు. ఫ్రెట్ల అంచులు మాత్రం రెండు చోట్ల చేతికి గీసుకుంటున్నాయి, సన్నని ఆకురాయితో నున్నగా చేయించాలి. ఈ ధరకు నేను నిస్సంకోచంగా కొనమంటాను, సెటప్ ఖర్చు కూడా కలుపుకుని లెక్క వేసుకోండి.

అక్టోబరులో వానలు మొదలయ్యాక చెక్క తేమ పీల్చుకుంటుంది, మే ఎండలకు మళ్లీ ఆరిపోతుంది. రెండు సార్లూ నెక్ వంపు కొలిచి చూసుకోండి. మా వాడికి కొలతలన్నీ చిన్న కాగితం మీద రాసి, అలెన్ కీతో పాటు గిటార్ సంచి జేబులో పెట్టాను. కీబోర్డు మాట మళ్లీ ఎత్తలేదు. ఇప్పుడు వాడే వాయిస్తాడు, ఇ తీగ దగ్గర చెవి పెట్టి వినండి.