మొదటి రూపాయి ఎటు వెళ్తోంది?

అందరికీ నమస్కారం. పొద్దున పని వదులుకొని వచ్చిన అక్కలకు, పరీక్షలు దగ్గరపడినా వచ్చిన డిగ్రీ పిల్లలకు, ఈ కుర్చీలన్నీ సర్దిన గ్రంథాలయం వాళ్లకు ముందుగా కృతజ్ఞతలు.

ఖాళీ సమయంలో ఫోన్‌తో నాలుగు రూపాయలు ఎలా సంపాదించాలో చెప్పమని నన్ను పిలిచారు. నేను మాత్రం బీడీల దగ్గర మొదలుపెడతాను. ఈ హాల్లో చాలామంది ఇళ్లలో చాట, కత్తెర, తునికాకు ఉండే ఉంటాయి. మా ఇంట్లోనూ ఉండేవి. వెయ్యి బీడీలకు ఇంత అని మా అమ్మకు కూలి. ఆకు తడపడం, కత్తిరించడం, కట్టలు కట్టడం, కార్ఖానాకు మోసుకెళ్లడం, వీటికి విడిగా పైసా లేదు. తీసుకునే చోట బాగాలేవని కొన్ని పక్కన పడేస్తే వాటి మీద పెట్టిన శ్రమంతా పోయినట్టే.

సర్వేలకు జవాబులివ్వడం లాంటి, ఫోన్‌లో వచ్చే చిన్న పనులు అచ్చం ఇలాంటివే. చేసిన ముక్కకే డబ్బు, పట్టిన సమయానికి కాదు. పని కోసం ఎదురుచూసిన గంట ఎవరి లెక్కలోకీ రాదు. బీడీ కార్మికురాలిగా మా అమ్మకు కనీసం పీఎఫ్ ఉంది. సర్వే యాప్‌లో గడిపిన గంటకు అలాంటిదేమీ జమ కాదు. అందుకే, దయచేసి దీన్ని ఉద్యోగం అనుకోకండి.

ఊరికే చెప్పడం ఇష్టంలేక పోయిన వేసవిలో నేనే రెండు వారాలు చేసి చూశాను. ప్రతి పనికీ పట్టిన సమయం నోటుబుక్కులో రాసుకున్నాను. మొత్తం 6 గంటలు కూర్చుంటే వచ్చింది 174 రూపాయలు. అంటే గంటకు 29. 2025-26లో మన తెలంగాణలో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. ఎనిమిది గంటలకు పంచినా గంటకు 38 పైనే పడుతుంది. చీరకు ఫాల్ కుట్టడం వచ్చిన అక్కకైతే నేను ఫోన్ చూపించను, కుట్టుమిషనే చూపిస్తాను.

తక్కువ ఎందుకు వచ్చిందో కూడా చెప్పాలి. సర్వేలో పది ప్రశ్నలు అడుగుతారు. వయసు, ఊరు, ఇంట్లో ఏం వస్తువులున్నాయి, అన్నీ చెప్పాక "ఈ సర్వేకు మీరు సరిపోరు" అని మూసేస్తారు. ఆ పది జవాబులకు పైసా రాదు. ఇంకొన్నింట్లో కనీసం ఇంత చేరితేగాని డబ్బు బయటికి తీయనివ్వరు. ఆ గీత దాకా చేరేలోపే విసుగొచ్చి చాలామంది వదిలేస్తారు. గూగుల్ వాళ్ల సర్వే యాప్ గూగుల్ ఒపీనియన్ రివార్డ్స్ నమ్మకమైనదే. ప్రశ్నలు అర నిమిషంలో అయిపోతాయి. కానీ ఆండ్రాయిడ్ ఫోన్‌లో అది ఇచ్చేది ప్లే స్టోర్ క్రెడిట్. దాంతో అక్కడే ఏదైనా కొనుక్కోవాలి, బ్యాంకులోకి రాదు, ఏడాదిలో వాడకపోతే పోతుంది. పిల్లలకు ఒక ఈ-బుక్ కొనడానికి పనికొస్తుంది, గ్యాస్ బండకు పనికిరాదు.

మంచి కూలి దొరికే పని ఒకటుంది. అది మన మాట. కంప్యూటర్‌కు తెలుగు అర్థం కావాలంటే మనుషులు మాట్లాడిన తెలుగు గంటల కొద్దీ కావాలి. టీవీ తెలుగు ఒక్కటే చాలదు, జగిత్యాల మాట కావాలి, శ్రీకాకుళం మాట కావాలి. బెంగళూరులో కార్య అనే సంస్థ ఇలాంటి పని చేయిస్తుంది. ఫోన్‌లో ఒక వాక్యం కనిపిస్తుంది, దాన్ని చదివి రికార్డు చేయాలి. గంటకు సుమారు 5 డాలర్లు, అంటే నాలుగు వందల రూపాయలకు పైన ఇస్తున్నట్టు ఆ సంస్థ చెప్పింది. అయితే ప్రాజెక్టు ఉన్నప్పుడే పని, అదీ కొద్దిమందికే. పని ఎప్పుడూ ఉంటుందనుకుంటే నిరాశే మిగులుతుంది. అయినా నాకు ఈ సంగతి చెప్పాలనిపించింది. నీ యాస ఏంటలా ఉందని మనల్ని వెక్కిరించినవాళ్లు ఉన్నారు. ఇవాళ ఆ యాసకే గిరాకీ ఉంది.

ఇక నేను అసలు వచ్చిన పని. మా పెద్దమ్మ కూతురు, నాకు చెల్లెలు, ఒప్పుకుంది కాబట్టి పేరు లేకుండా చెప్తున్నాను. నిరుడు ఆమె ఫోన్‌కు ఒక మెసేజ్ వచ్చింది. ఇంట్లో కూర్చొని హోటళ్లకు రేటింగ్ ఇస్తే చాలు, ఒక్కోదానికి 50 రూపాయలు. మూడు చేసింది. 150 రూపాయలు నిజంగానే ఖాతాలో పడ్డాయి. నమ్మకం అక్కడే కుదిరింది. తర్వాత ఒక గ్రూపులో చేర్చారు. అందులో గంటగంటకూ ఎవరో ఒకరు "నాకు ఎనిమిది వేలు వచ్చాయి" అని స్క్రీన్‌షాట్ పెడతారు. ఆ మాట్లాడేవాళ్లందరూ ఆ మోసగాళ్ల మనుషులే. మరుసటి రోజు "ప్రీపెయిడ్ టాస్క్" అన్నారు, అంటే ముందు మనమే డబ్బు కట్టాలి. వెయ్యి కట్టింది, 1,300 వచ్చాయి. తర్వాత 5,000 కట్టింది. ఈసారి డబ్బు ఖాతాలోకి రాలేదు, తెరమీద అంకెగా మాత్రం కనిపించింది. మూడు టాస్కుల సెట్ పూర్తిచేస్తేనే తీసుకోగలవన్నారు. ఇంకో 12,000, ఆ తర్వాత 28,000. చివర్లో పొదుపు సంఘం అప్పు కూడా అందులోకే పోయింది. మొత్తం 45,000. ఆఖరికి "పన్ను కట్టు" అని మరో 18,000 అడిగినప్పుడు మాకు ఫోన్ చేసి ఏడ్చింది.

ఆమె తెలివితక్కువది కాదు. ఇంటి లెక్కంతా రాసేది ఆమే. తొలి 150 రూపాయలు నిజం కాబట్టి మిగతాదీ నిజమనుకుంది. అందుకే నేను ఒక్క ప్రశ్నే అడగమంటున్నాను: మొదటి రూపాయి ఎటు వెళ్తోంది? పని చేయించుకునేవాడు మనకు ఇవ్వాలి. రిజిస్ట్రేషన్ అని, డిపాజిట్ అని, ట్రైనింగ్ అని, ట్యాక్స్ అని మన దగ్గర అడిగితే అక్కడ పని లేదు. డబ్బు రావడానికి యూపీఐ పిన్ కొట్టాల్సిన అవసరం ఎప్పుడూ ఉండదు. పిన్ అడిగారంటే మన డబ్బు పోతోందనే అర్థం.

పొరపాటు జరిగితే సిగ్గుపడి నాలుగు రోజులు దాచకండి. మా చెల్లెలు అలాగే దాచింది. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు జారిపోకముందే చెప్తే దాన్ని ఆపే వీలుంటుంది. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లోనూ ఫిర్యాదు రాయొచ్చు.

డిగ్రీ తమ్ముళ్లకు ఒక మాట. "నీ బ్యాంకు ఖాతా కొన్నాళ్లు వాడుకోనివ్వు, కమీషన్ ఇస్తాం" అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. మా చెల్లెలి లాంటివాళ్ల డబ్బు వెళ్లేది అలాంటి ఖాతాల్లోకే. పోలీసులు మొదట వచ్చేది ఖాతా ఎవరి పేరున ఉందో వాళ్ల ఇంటికే. సిమ్ కార్డు సంగతీ అంతే. డబ్బు పెట్టి ఆడే రమ్మీ గురించి ఎక్కువ చెప్పను. తెలంగాణలో 2017 నుంచే నిషేధం, 2025లో దేశమంతటికీ చట్టం వచ్చింది. అది సంపాదన కాదు.

ఇప్పుడు అందరూ ఫోన్లు తీయండి. 1930 సేవ్ చేసుకోండి, ఇంట్లో అమ్మ ఫోన్‌లో కూడా. నేను ఆ కిటికీ పక్కన టేబుల్ దగ్గర కూర్చుంటాను. మీరు ఇప్పటికే వేసుకున్న యాప్‌లు ఏవైనా ఉంటే పట్టుకు రండి. కాంటాక్టులు, ఫొటోలు చూసే అనుమతి వేటికి ఇచ్చారో ఒక్కొక్కటీ కలిసి చూద్దాం. మా చెల్లెలు కూడా వచ్చింది, వెనక వరుసలో ఉంది. ఎవరైనా ఆ గ్రూపుల్లో ఇప్పుడు ఉంటే, నాతో చెప్పలేకపోతే ఆమెతో మాట్లాడండి.