నాలుగు పంటకాలాల చదువు

(వ్యవసాయంలో రెండేళ్ల డిగ్రీ చేయాలనుకుంటున్న విద్యార్థులు, వారి తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఇందాక నేను మెట్లెక్కుతుంటే ఒక తండ్రి తన కొడుకును పరిచయం చేస్తూ, కాస్త గొంతు తగ్గించి, "రెండేళ్ల కోర్సేనండీ" అన్నారు. ఆ "కోర్సే"లోని దీర్ఘం నాకు పాత నేస్తం. ప్రవేశాల రోజున ప్రతి ఏడూ వింటూనే ఉంటాను. మార్కులు చాలక, డబ్బు చాలక, నాలుగేళ్లది దొరకక దీనికి వచ్చామని ఆ దీర్ఘానికి అర్థం. ఈ పూట నేను మాట్లాడాలనుకున్నది దాని గురించే.

నాలుగులో రెండు సగం. కాదనను. కానీ సేద్యం చదువును సంవత్సరాల్లో కొలవడంలోనే పొరపాటు ఉంది. దాన్ని పంటకాలాల్లో కొలవాలి. ఏడాదికి రెండు పంటలు పండే చోట మీ చేతికి వచ్చేవి నాలుగు పంటకాలాలు. చలి వల్ల ఒక్క పంటే పండే చోట రెండు. అందులో మొదటిది మీకేమీ అర్థం కాకుండానే గడిచిపోతుంది. చివరిది కోతకొచ్చే వేళకు మీరు పరీక్షల్లో తలమునకలై ఉంటారు. ఇరవయ్యో ఏట నాగలి పట్టి అరవైలో దించిన రైతు కూడా, ఏడాదికొక పంట చొప్పున, జీవితం మొత్తంలో చూసేది 40 పంటలే. కుమ్మరి పొద్దున చేసిన కుండ వంకరపోతే మధ్యాహ్నానికి సరిదిద్దుకుంటాడు. రైతు విత్తే లోతులో తప్పు చేస్తే, ఆ తప్పు దిద్దుకునే అవకాశం రావడానికి మళ్లీ అదే కాలం రావాలి. ఆ 40లో జరగబోయే తప్పుల్లో కొన్నింటిని ముందుగానే, చిన్న మడిలో, నష్టం మీ నెత్తిన పడని చోట చేయించడమే ఈ రెండేళ్ల చదువు పని.

నష్టం మన నెత్తిన పడకపోవడమన్నది చిన్న విషయం కాదు. 1903లో అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో, టెరెల్ అనే ఊళ్లో, సీమన్ నాప్ అనే ఆయన ఒక ప్రయోగం చేశారు. అప్పటికే వ్యవసాయ శాస్త్రం చాలా పెరిగింది. 1862 నాటి మోరిల్ చట్టంతో ప్రభుత్వ భూముల ఆదాయం మీద వ్యవసాయ కళాశాలలు వెలిశాయి. కానీ రైతులు వాళ్ల కరపత్రాలు చదివి పక్కన పెట్టేసేవారు. వాళ్లను తప్పుపట్టలేం. కరపత్రం రాసినవాడికి పంట పోతే పోయేదేముంది? నాప్ కొత్త పద్ధతులను ప్రభుత్వ క్షేత్రంలో కాక ఒక మామూలు రైతు పొలంలో, ఆ రైతు చేతనే చేయించారు. నష్టం వస్తే పూడ్చడానికి ఊరివాళ్లు కొంత సొమ్ము పోగుచేసి పెట్టారు. దాన్ని తాకే అవసరం రాలేదు, పంట లాభాలే తెచ్చింది. నష్టభయం లేనప్పుడే మనిషి కొత్త పని మీద చెయ్యి వేస్తాడన్నది ఆ ఊరు నేర్పిన పాఠం. కళాశాల క్షేత్రం మీకు అలాంటి హామీ సొమ్ము లాంటిది. పాడు చేయడానికే ఇచ్చిన పొలమది. దాన్ని జాగ్రత్తగా కాపాడి, గట్టు మీద నిలబడి రెండేళ్లు నోట్సు రాసుకునే పిల్లలను చూస్తే నాకు బాధగా ఉంటుంది.

ఇంతకీ అక్కడ ఏం నేర్చుకుంటారు? నేను ఒక్క మాటలో చెబుతాను: కొలవడం. "కొంచెం", "బాగా", "చాలినంత" అనే మాటలను అంకెల్లోకి మార్చడం.

మట్టి పరీక్షనే తీసుకోండి. ఒక హెక్టారు నేలలో పైనున్న 15 సెంటీమీటర్ల మట్టి బరువు సుమారు 2,000 టన్నులు. అంటే 20 లక్షల కిలోలు. మీరు ప్రయోగశాలకు పంపేది అరకిలో. అక్కడ పరీక్ష గొట్టంలోకి వెళ్లేది కొన్ని గ్రాములు. ఆ కొన్ని గ్రాములు 20 లక్షల కిలోల తరఫున సాక్ష్యం చెప్పాలి. ప్రయోగశాల యంత్రం ఎంత ఖరీదైనదైనా, మీరు గట్టు పక్కనో పశువులు కట్టిన చోటో మట్టి తీశారంటే అది అబద్ధాన్నే దశాంశ స్థానాలతో సహా అచ్చువేసి ఇస్తుంది. అందుకే పొలమంతా వంకరటింకరగా నడిచి, పదిహేను ఇరవై చోట్ల ఒకే లోతున తీసి, కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు పారేసి, మిగిలినవి మళ్లీ కలిపి, అరకిలో మిగిలేదాకా అలా తగ్గించుకుంటూ రావాలి. విసుగు పుట్టించే పని. నా మొదటి ఉద్యోగంలో నేనే ఎండకు తాళలేక ఒక మూలనే నిలబడి అయిదు చోట్ల తవ్వి, ఇరవై చోట్ల తవ్వినట్టు రాశాను. ఆ కాగితం నమ్మి సున్నం వేసిన పొలంలో తర్వాత పైరు ఎలా ఉందో చూడటానికి వెళ్లే ధైర్యం నాకు కలగలేదు. ఇది నేను ఏ తరగతిలోనూ దాచలేదు.

పైరుకు పురుగుమందు కొట్టడం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే అందరూ తమకు వచ్చనుకునే పని అది. పొడవు 10 మీటర్లు, వెడల్పు 10 మీటర్లు ఉన్న మడి గీసి, పంపులో ఉత్త నీళ్లు పోసి, విద్యార్థులను ఒక్కొక్కరిగా కొట్టమంటాను. పంపు అదే, నాజిల్ అదే. ఒకరికి మూడు లీటర్లు పడతాయి, నింపాదిగా నడిచే వారికి ఆరు లీటర్లు. హెక్టారంటే ఇలాంటి మడులు వంద, కాబట్టి వందతో హెచ్చించండి. మొదటివారు హెక్టారుకు 300 లీటర్లు, రెండోవారు 600 లీటర్లు కొడుతున్నారు. ఇద్దరూ లీటరు నీటికి ఇంత మందు అని ఒకే లెక్కన కలిపితే, రెండోవారి పొలంలో పడేది రెట్టింపు. మందులో తప్పు లేదు, చీటీలో తప్పు లేదు, ఉన్న తేడా అంతా నడకలో ఉంది. పుస్తకంలో ఇది ఒక సూత్రం, అరపేజీ. కానీ తన నడకే పక్కవాడి నడకకు రెట్టింపు మందు పోస్తోందని చూసుకున్న పిల్లవాడి ముఖం పుస్తకంలో దొరకదు.

ఎరువు సంచి మీది అంకెలు చదవడం ఇంకో తమాషా. యూరియాలో నత్రజని 46 శాతం, కాబట్టి హెక్టారుకు 100 కిలోల నత్రజని ఇవ్వాలంటే దాదాపు 217 కిలోల యూరియా కావాలి. ఇంతవరకు ఎవరైనా చెబుతారు. కానీ సంచి మీద భాస్వరం అని రాసిన అంకె నిజానికి భాస్వరం కాదు, భాస్వరపు ఆక్సైడు. అసలు భాస్వరం అందులో 44 శాతమే. పాత రసాయన శాస్త్రజ్ఞులు లెక్క రాసుకున్న తీరు అది. వాళ్లు పోయినా వాళ్ల అలవాటు సంచుల మీద మిగిలిపోయింది. ఇది తెలియనివాడు మట్టి పరీక్ష కాగితంలోని భాస్వరానికీ సంచి మీది భాస్వరానికీ ముడిపెట్టి తప్పులో కాలేస్తాడు.

ఇక కొలతలకు అందనివి కూడా ఉన్నాయి. మన భాషలో వాటికి రెండు మంచి మాటలున్నాయి: అదను, పదును. ఎప్పుడు చేయాలో అదను. నేల పనికి లొంగే తేమ స్థితి పదును. పిడికెడు మట్టి తీసి ముద్ద చేసి, బొటనవేలితో నొక్కండి. పొడిపొడిగా విడిపోతే దున్నవచ్చు. విడిపోకుండా సాగి, వేలిముద్ర మెరుస్తూ కనబడితే ట్రాక్టర్ ఇంట్లోనే ఉండాలి. తడి బంకమట్టిని యంత్రంతో తొక్కిస్తే అడుగున గట్టిపడిన పొర వేర్లకు గోడలా అడ్డుపడి, ఆ పంటతో పోక తర్వాతి పంటలనూ వేధిస్తుంది. ఇది వీడియో చూసి రాదు. మూడు నాలుగు సార్లు తప్పు పదునులో దున్ని, గడ్డలు లేచాక వాటిని చేత్తో పగలగొట్టినవాడికే వేళ్లలోకి వస్తుంది.

పశువులకూ అదనుంది. ఆవు సుమారు 21 రోజులకొకసారి ఎదకు వస్తుంది. ఆ సంకేతం గమనించలేదంటే మూడు వారాల పాలు, మేత లెక్కలో పోయినట్టే. పుట్టిన దూడ పేగులు ముర్రుపాలలోని రోగనిరోధక పదార్థాలను నేరుగా పీల్చుకోగలిగేది మొదటి కొన్ని గంటలే, ఒక రోజు గడిచేసరికి ఆ దారి మూసుకుపోతుంది. తెల్లవారుజామున ఈనిన ఆవు దగ్గరకు తొమ్మిదింటికి తీరిగ్గా వచ్చే విద్యార్థికి నేను ఉపన్యాసం ఇవ్వను, గడియారం చూపిస్తాను.

యంత్రాల దగ్గర మాత్రం తప్పులు చేసి నేర్చుకోండి అని అనను. ట్రాక్టర్ వెనుక తిరుగుతూ ఇంజిను శక్తిని పనిముట్లకు అందించే ఇరుసును పీటీఓ షాఫ్ట్ అంటారు. అది సాధారణంగా నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది. అంటే సెకనుకు తొమ్మిది. వదులు చొక్కా అంచు తగులుకుంటే, మీరు అరవాలనుకునే లోపే చెయ్యి దాని చుట్టూ ఉంటుంది. దాని మీది తొడుగు తీసి నడిపే వ్యవసాయ క్షేత్రం కనబడితే, అక్కడ చేరకండి.

ఏ కాలేజీలో చేరాలన్నది చాలామంది అడుగుతారు. భవనాలు చూడకండి, పనిముట్ల గది చూపించమనండి. రోజూ వాడే పార అంచు మెరుస్తుంది, పిడి చేతుల రాపిడికి నునుపుదేరి ఉంటుంది. అంచు తుప్పు పట్టి, పిడి గరుకుగా ఉంటే అక్కడ వ్యవసాయం నల్లబల్ల మీదే పండుతోందని అర్థం. సూక్ష్మదర్శినుల బీరువా తాళం ఎవరి దగ్గర ఉందో కూడా అడగండి. "ఆయన ఈ రోజు రాలేదు" అన్నారంటే రేపూ రారు.

ఒక కాగితం పని కూడా ఉంది, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. రెండేళ్ల తర్వాత పైచదువుకు వెళ్లాలనే ఆలోచన ఏ మూలనైనా ఉంటే, ఇక్కడి పాఠ్యాంశాలను ఆ విశ్వవిద్యాలయం లెక్కలోకి తీసుకుంటుందా అన్నది చేరకముందే రాతపూర్వకంగా తెలుసుకోండి. అమెరికాలో ఈ డిగ్రీని అసోసియేట్ డిగ్రీ అంటారు, దాదాపు 60 క్రెడిట్లు, అంటే చదివిన పాఠాలను లెక్కగట్టే పాయింట్లు. అందులోనే రెండు దారులుంటాయి. ఒకటి నాలుగేళ్ల డిగ్రీలో మూడో ఏట అడుగుపెట్టడానికి. రెండోది నేరుగా పనిలో చేరడానికి, ఇందులో చేసిన పాఠాలన్నీ పైన చెల్లుతాయన్న హామీ లేదు. పేర్లు దగ్గరగా ఉండటంతో పిల్లలు రెండోదాంట్లో చేరి, మొదటిదనుకుని రెండేళ్లు గడుపుతారు. ఏ దేశంలోనైనా ఇలాంటి చీలిక ఎక్కడో ఒకచోట ఉంటుంది.

మాకు భూమి లేదు కదా అని వెనుక వరుసలో ఒక అమ్మాయి అడుగుతోంది. అమ్మా, నీ ప్రశ్న మంచిది. విత్తనోత్పత్తి, పాడి క్షేత్రాలు, పాలీహౌసులు, మట్టి పరీక్షశాలలు, యంత్రాల మరమ్మతు, పెద్ద క్షేత్రాల నిర్వహణ, వీటన్నిటికీ కొలవడం వచ్చిన చేతులు కావాలి. విత్తన పరీక్షలో అంతర్జాతీయ పద్ధతి ప్రకారం 400 గింజలు లెక్కపెట్టి మొలకెత్తిస్తారు, వందేసి చొప్పున నాలుగు జట్లు. ఆ నాలుగింటి మధ్య తేడా హద్దు మీరితే పరీక్ష మళ్లీ చేయాలి. ఓపికగా ఆ నాలుగు వందలూ లెక్కపెట్టగలిగిన మనిషిని ఎవరూ ఊరికే పోనివ్వరు. నిజానికి, భూమి ఉన్న పిల్లలతోనే నాకు కష్టం. "మా నాన్న ఇలా చేయరు" అన్న వాక్యంతో వాళ్ల సగం పంటకాలం పోతుంది. అయితే కొన్నిసార్లు ఆ నాన్నే సరైనవాడని తేలుతుంది, అప్పుడు నేను పుస్తకం మూసి వింటాను.

మీరు కొనుక్కోవాల్సింది గట్టి అట్ట ఉన్న ఒక నోటుపుస్తకం. తేదీ, వాన, చేసిన పని, ఏం జరుగుతుందని అనుకున్నారో ఆ ఊహ. ఊహ తప్పనిసరిగా రాయాలి, లేకపోతే పంట తర్వాత "నేను ముందే అనుకున్నాను" అనే రోగం వస్తుంది. ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్‌లో బ్రాడ్‌బాక్ అనే గోధుమ పొలం ఉంది. 1843లో లాస్, గిల్బర్ట్ అనే ఇద్దరు అక్కడ ఏ మడికి ఏ ఎరువు వేశామో, ఎంత పండిందో రాయడం మొదలుపెట్టారు. వాళ్లిద్దరూ పోయి వందేళ్లు దాటినా ఆ పొలంలో ప్రయోగం ఇంకా నడుస్తోంది. ఆ లెక్కల్లో చాలా ఏళ్లు మామూలు ఏళ్లే, చెప్పుకోదగ్గది ఏమీ జరగని ఏళ్లు. అయినా రాశారు.

కాలేజీ తెరవడానికి ఇంకా సమయం ఉంది. ఈలోగా మీకు అందుబాటులో ఉన్న నేలలో, సొంతదారును అడిగి, మోకాలి లోతు గొయ్యి తవ్వండి. ఒక పక్క గోడను నిలువుగా చెక్కి చూడండి. రంగు ఎక్కడ మారింది, వేర్లు ఎంత లోతున ఆగాయి, ఎక్కడ పార దిగనని మొరాయించింది, ఇవి నోటుపుస్తకం మొదటి పేజీలో రాయండి. చూశాక గొయ్యి పూడ్చండి, ఎవరి పశువో పడుతుంది.

ఇక ప్రశ్నలు. ఫీజుల గురించి, సీట్ల గురించి ఇప్పుడే అడగండి. గొయ్యి గురించి మాత్రం తవ్వాక అడగండి.